చుక్క పెట్టని ఊరు

ఉప్పల్ సర్వే ఆఫీసులో మా గదికి
కిటికీలన్నీ ఉత్తరం వైపే.
గీత మీద చేతి నీడ పడకూడదంటే
ఉత్తరపు వెలుగే కావాలనేవాడు తీతు సారు,
ముప్పై ఒక్కేళ్ళు పటాలు గీసి గీసి
చూపుడువేలు కాస్త వంకర తిరిగిన మనిషి.

ఆ మార్చిలో లంచ్ బెల్ కొట్టినా ఇద్దరం లేవలేదు.
నాకు రోజా, ఆయనకి లెంట్.
ట్రేసింగ్ కాగితం పరిచి
“నుస్రత్, ఒక ఊరు తప్పిపోయింది. వెతుకుదాం రా” అన్నాడు.

రామంతాపూర్‌లో వాళ్ళ చర్చి.
ఆదివారం బడి గోడకి పటం కావాలట.
యెరూషలేము, బేత్లెహేము, ఉప్పు సముద్రం
ఎక్కడివక్కడ కుదురుగా కూర్చున్నాయి.
ఎమ్మాయు ఒక్కటే
ఎక్కడ పెట్టినా జారిపోతోంది.

“గురువుని చంపిన మూడో రోజు
ఇద్దరు ఆ ఊరికి నడిచిపోతున్నారు.
దారిలో ఎవరో కలిశాడు. మాటల్లో పడ్డారు.
పొద్దువాలింది, ఉండిపొమ్మన్నారు.
అతను రొట్టె విరిచాడు.
ఆయనే అని పోల్చుకునేసరికి
ఎదుట ఎవరూ లేరు.”

“మనిషి మాయమయ్యాడు సరే,
ఊరెట్ల మాయమైంది సార్?”

ఒకరు ఆ కొండ కింద అన్నారట,
ఒకరు ఈ మఠం ఉన్నచోట అన్నారట,
పాత రాతల్లో అంకెలే వేరన్నారట.
మిగిలింది దూరం ఒక్కటే.
ఆమడ.

మీటర్లు తప్ప ఎరగని మా బల్ల మీదికి
పిలవని పేరంటంలా వచ్చి కూర్చుంది ఆమడ.
మా నానీ లెక్కలో నాలుగు కోసులు.

పటం మీద దారి వెంట దొర్లించే
చిన్న చక్రం ఉండేది మా దగ్గర.
సారు దాన్ని హైదరాబాద్ షీటు మీద
మా గేటు దగ్గర ఆనించి తోశాడు.
రామంతాపూర్, అంబర్‌పేట, నారాయణగూడ, బషీర్‌బాగ్...
ముల్లు ఆమడ దగ్గర ఆగింది.
లక్డీకాపూల్.

“కట్టెల వంతెన నువ్వు చూశావా?”
“లేదు సార్. మా అబ్బా కూడా చూడలేదు.”
“మరి రోజూ టికెట్ ఎట్లా కొడుతున్నారు?”

ఆ సాయంత్రం ఏదో బంద్, బస్సుల్లేవు.
నడిచాం.
అంబర్‌పేట రాకముందే సైరన్ మోగింది.
నా సంచిలో నీళ్ళ సీసా కూడా లేదు.
పళ్ళబండి అతను నా మొహం చూశాడు.
తన కోసం దాచుకున్న నాన్ తీసి
మూడు ముక్కలు చేశాడు.
సారు లెంట్ అని చెప్పబోయి
నోరు తెరిచి, ముక్క పెట్టుకున్నాడు.

మాయమేమీ కాలేదతను.
మర్నాడూ అక్కడే ఉన్నాడు,
తూకంలో మోసం చేస్తూ.

సోమవారం సారు పటం పూర్తి చేశాడు.
యెరూషలేము మీద కంపాస్ ముల్లు గుచ్చి
పడమటి వైపు ఒక వంపు గీత, ఆమడ దూరాన.
చుక్క పెట్టలేదు.
పేరు మాత్రం గీత పొడవునా రాశాడు,
మూడే అక్షరాలు, మధ్య ఎంతో ఎడం:
ఎ మ్మా యు

“పిల్లలడిగితే ఏం చెప్పను?” అన్నాడు పాస్టరు.
“వాళ్ళనే పెట్టమనండి.”

ఇప్పుడు మా ఆఫీసులో పెన్నుల్లేవు,
ఉత్తరపు వెలుగుతో పనీ లేదు.
సారు లేడు.
మొన్న ఎందుకో రామంతాపూర్ పోయాను.
గోడకి రంగు ఎన్నిసార్లు వేశారో,
పటం చుట్టూ తప్పించి వేశారు.

గీత ఎప్పుడో అరిగిపోయింది.
దాని చోట వేలిముద్రలు,
నూనెవి, చాక్‌పీస్‌వి, మామిడిపండువి,
ఒకదాని మీద ఒకటి, వంపు తిరిగి.

ఒక్క ముద్ర మాత్రం
ఎటో పోయి సముద్రంలో పడింది.
మునివేళ్ళ మీద నిలబడినా అందని పిల్ల అయ్యుంటుంది.
జానతో కొలిచాను.
ఐదు ఆమడలు.
నడవొచ్చు.